పట్టినోడే తీర్పరా?

పొనుగుకుంట దొర గడీ విడిచి హైదరాబాదుకు పారిపోయిన రోజున ఊరంతా కలిసి రాజలింగాన్ని భుజాల మీదికి ఎత్తుకుంది. అంతవరకూ అతను గొర్రెల మంద వెనక నడిచి, తీరిక దొరికితే గొంగళ్లు నేసుకుని బతికిన మనిషి. దొర మనుషులకు ఎదురు నిలబడి, దెబ్బలు తిని, అయినా తల వంచనివాడు. అందుకే సంఘం పెద్దగా అతణ్నే అనుకున్నారు. వేరే పేరు ఎవరి నోటా రాలేదు.

అది పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలం. జనగామ తాలూకాలో ఒక్కో ఊరూ దొరల చేతిలోంచి జారి సంఘం చేతికి వస్తున్న కాలం. రైలు పట్టాల వెంట ఉన్న ఘన్‌పూర్‌లో నిజాం పోలీసులు, రజాకార్లు మకాం వేసి ఉన్నారు గాని, పట్టాలకు ఆరు మైళ్లు లోపలున్న పొనుగుకుంటలో సంఘం మాటే చెల్లేది.

సంఘం మాట అంటే రాజలింగం మాటే. దొర భూమిలో ఎవరికి ఏ మడి రావాలో అతనే చెప్పాలి. కాలవ నీళ్లు ఎవరి పొలానికి ఎంతసేపు పారాలో అతనే చెప్పాలి. మొగుడూ పెళ్లాల తగువులు అతని గుమ్మం ముందే తేలాలి. మొదట్లో ఇది అతనికి బాగానే ఉండేది. మనిషి నడిచి వస్తుంటే పదిమంది లేచి నిలబడటం ఎవరికి చేదు? ఆ ఊపులోనే ఒకరోజు ఊరంతా దండోరా వేయించాడు. తుపాకులు పట్టి తిరిగే సంఘం దళం జాడ శత్రువుకు చెప్పినవాడికి చావే శిక్ష అని. ఆ మాట ఎవరినీ అడిగి అన్నది కాదు. ఎవరూ కాదన్నదీ లేదు.

ఆ దండోరా వేసిన నెలకే ఆ ఆదివారం వచ్చింది.

ఊరి అవతలి గుట్ట మీద పదకొండు మంది దళం విడిది చేసింది. వాళ్లలో రాజలింగం తమ్ముడు పోశాలు ఒకడు. పొద్దున పూటే పోలీసులూ రజాకార్లూ గుట్టను చుట్టుముట్టారు. దేవుడి దయవల్ల అందరూ రాళ్ల చాటు నుంచి జారి తప్పించుకున్నారు గాని, ఒక తూటా పోశాలు తొడ కండలోంచి దూసుకుపోయింది. మంచం మీద వేసి మోసుకొచ్చిన తమ్ముణ్ని చూసి రాజలింగం ఏడవలేదు. ఒక్క మాటే అడిగాడు.

“జాడ చెప్పినోడు ఎవడు?”

ఊళ్లో నోళ్లన్నీ ఒక పేరు మీదికే తిరిగాయి. జాల్యా. గుట్ట కింది తండా మనిషి. దళానికి రోజూ అంబలీ గటకా మోసుకుపోయే పని అతనిది. శనివారం నుంచి అతను కనబడటం లేదు. పైగా అదే శనివారం ఘన్‌పూర్ స్టేషన్‌లో పోలీసులతో మాట్లాడుతుండగా చూశారని, కుండలు అమ్ముకోవడానికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు.

బుధవారం మధ్యాహ్నం జాల్యా తలపాగా సర్దుకుంటూ తాపీగా తండాకు తిరిగి వచ్చాడు. రాజలింగం నలుగురు వాలంటీర్లతో ఎదురెళ్లి, తనే అతని రెక్కలు విరిచి కట్టాడు. తీసుకొచ్చి గడీలోని ధాన్యపు కొట్టులో వేసి తాళం పెట్టాడు. ఆ కొట్టు రాజలింగానికి కొత్తది కాదు. గొర్రెలు మామిడి తోటలో పడ్డాయని దొర అతణ్ని రెండు రోజులు నీళ్లు లేకుండా ఉంచింది అందులోనే. తాళం వేస్తున్నప్పుడు ఆ సంగతి అతనికి గుర్తుకు రాలేదు. తమ్ముడి తొడకు కట్టిన నెత్తుటి గుడ్డే కళ్లముందు ఉంది.

గురువారం పొద్దున ఊరంతా గడీ అరుగు ముందు చేరింది. ఊళ్ల సంఘాలన్నిటికీ పైనున్న ఏరియా కమిటీ నుంచి రాంచందర్ వచ్చి ఓ పక్కన కూర్చున్నాడు. జనగామ దగ్గరి భూస్వాముల బిడ్డ. హైదరాబాదులో లా చదువుతూ మధ్యలో వదిలి ఉద్యమంలోకి వచ్చినవాడు. అదే రోజు దళాన్ని వెంటబెట్టుకుని వేరే చోటికి వెళ్లాలన్న తొందరలో ఉన్నాడు.

“శనివారం యాడికి పోయినవ్?” అని అడిగాడు రాజలింగం.

“గార్లకు పోయిన అన్నా. నా బిడ్డకు కాన్పు కష్టమైతున్నదని కబురొస్తే ఉరికిన. మనవడు పుట్టిండు.” జాల్యా పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

“ఎవ్వలికన్న చెప్పి పోయినవా?”

“ఆదరబాదరల చెప్పలే.”

“ఘన్‌పూర్ టేషన్ల పోలీసోళ్లతోని ఏం మాట్లాడినవ్?”

జాల్యా మొహం ఒక్కసారిగా మారిపోయింది. చూపు నేల మీదికి దిగింది. “నేనెవ్వలితోని మాట్లాడలే. పోలీసోని మొకమే చూడలే.”

జనంలో గుసగుస మొదలైంది. అది అబద్ధమని పిల్లవాడికైనా తెలిసిపోయేట్టుంది. రాజలింగం లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. దండోరాలో వేయించిన మాట అతని నాలుక మీదికి వచ్చింది.

“జర ఆగు రాజలింగా.”

అన్నది దుర్గమ్మ. ఊళ్లో సగం మందికి మంత్రసాని. రాజలింగాన్ని భూమ్మీదికి తీసిందీ ఆమె చేతులే. కర్ర పొడుచుకుంటూ అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది.

“చంపాలనే చట్టం ఎవలు చేసిన్రు?”

“నేనే చెప్పిన అవ్వా. అందరు విన్నరు గదా.”

“జాల్యాను పట్టుకొచ్చింది ఎవలు?”

“నేనే.”

“తూటా తాకింది ఎవలికి?”

రాజలింగం తమ్ముడు పడుకున్న ఇంటి వైపు చూశాడు.

“నీ తమ్మునికి. గిప్పుడు తీర్పు చెప్పేది గుడ నువ్వే. చట్టం నీదే, తాడు నీదే, నాలిక నీదే. దొర గుడ గీ అరుగు మీద కూసుండి గిదే చేసిండు గద బిడ్డా. ఆడు పోయిండని మనం సంబురపడ్డం. మరి ఏం పోయినట్టు?”

రాజలింగానికి చెంప మీద కొట్టినట్టయింది. “నన్ను దొరతోని కలుపుతున్నవా అవ్వా?”

“కలుపుత లేను. నువ్ మంచోనివి, గందుకే చెప్తున్న. రేపు నీ జాగల ఇంకోడు కూసుంటడు. ఆడు మంచోడు కాకపోతే ఎట్ల?”

వాలంటీర్లలో ఒకడు ఏదో అనబోతే రాంచందర్ చేయెత్తి ఆపాడు. అతని మొహంలో తొందర పోయి ఆశ్చర్యం వచ్చింది.

“అవ్వ చిన్న మాట అడగలే,” అన్నాడు. “నేను చదివిన పుస్తకాలల్ల గిదే ఉన్నది. చట్టం చేసేటోళ్లు వేరు, దాన్ని నడిపించేటోళ్లు వేరు, తీర్పు చెప్పేటోళ్లు వేరు ఉండాలె. మూడు ఒక్కని చేతిల పడితే ఆడే రాజైతడు. అమెరికా దేశంల గట్లనే పంచుకున్నరు. పైన పెద్ద సర్కారుకు కొన్ని పనులు, కింద రాష్ట్రాలకు కొన్ని పనులు. ఒకరి పనిల ఇంకొకరు వేలు పెట్టొద్దు, గని ఒకరు తప్పు చేస్తే ఇంకొకరు ఆపాలె. గిప్పుడు ఢిల్లీల గుడ పెద్దలు కూసుండి గసుంటిదే రాస్తున్నరు.”

“ఢిల్లీ సంగతి నాకు తెల్వది,” అంది దుర్గమ్మ. “మా పొనుగుకుంటల ఎట్ల పంచుకోవాలె, గది చెప్పు నాయినా.”

జనం నవ్వారు. ఆ నవ్వుతో అందరి గుండెల మీది బరువు కాస్త కదిలింది. ఆ తర్వాత రెండు గంటల పాటు ఊరు ఊరంతా మాట్లాడింది. దొర కాలంలో ఆ వాకిట్లో నిలబడి దగ్గడానికి కూడా భయపడ్డ ఆడవాళ్లు చేతులు తిప్పుతూ వాదించారు. చివరికి తేలింది ఇది. ఊరికి కట్టుబాటు ఏదైనా పెట్టాలంటే ఊరంతా కూర్చుని చేతులెత్తాలి. పెట్టిన కట్టు నడిపించడం, కాపలా కాయడం, పట్టుకురావడం రాజలింగానిదీ వాలంటీర్లదీ. తీర్పు చెప్పడం మాత్రం చేత లాఠీ గాని తుపాకీ గాని పట్టని ముగ్గురిది.

“ఆ ముగ్గురు తప్పు తీర్పు చెప్తే?” అని అడిగాడు బుచ్చయ్య. చేతులకు ఎప్పుడూ మట్టి ఉండే ముసలి కుమ్మరి.

“ఊరు చేతులెత్తి ఆళ్లను దింపుతది,” అన్నాడు రాంచందర్. “ఇంకో మాట. నీళ్లు, భూములు, తగువులు ఊరియి. వాటి జోలికి ఏరియా కమిటీ రాదు. గని మనిషి పానం తీసే మాటొస్తే ఊరొక్కటే తేల్చొద్దు. మా దాంక రావాలె. మేం ఒప్పుకోకుంటే ఆ మాట చెల్లది.”

అందరూ చేతులెత్తారు. రాజలింగం అందరికన్నా ఆలస్యంగా ఎత్తాడు. ఒక పక్క సిగ్గుగా ఉంది, తన చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు. ఇంకో పక్క, నాలుక మీదికి వచ్చి ఆగిపోయిన ఆ మాట ఇక తను అననక్కర్లేదని తెలిశాక, అరుగు అంచున కూర్చుండిపోయాడు. అంతసేపూ తను ఎంత బిగబట్టుకుని ఉన్నాడో అప్పుడు తెలిసింది.

ఊరి తరఫున దుర్గమ్మనూ బుచ్చయ్యనూ అనుకున్నారు. మూడో మనిషి తండా నుంచి ఉండాలన్నారు. ఎవరు కావాలో జాల్యానే అడిగారు.

“గోప్యా,” అన్నాడు జాల్యా.

తండా వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఒక ఎద్దు దగ్గర మాట మాట పెరిగి, జాల్యాకూ గోప్యాకూ ఆరేళ్లుగా మాటల్లేవు.

“ఆడు నాకు పగోడే,” అన్నాడు జాల్యా. “గని ఆడు అబద్ధమాడంగ నేను చూడలే.”

గోప్యా వచ్చి అరుగు కొసన కూర్చున్నాడు.

ముగ్గురూ మొదట అడిగింది, పోలీసులతో జాల్యా మాట్లాడగా చూసింది ఎవరని. కుండలు అమ్ముకొచ్చినవాళ్లు తలలు గోక్కున్నారు. వాళ్లు చూడలేదు. స్టేషన్ దగ్గర పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్ సాంసన్ చెబితే విన్నారు.

“అయితే సాంసన్ రావాలె,” అంది దుర్గమ్మ.

“దళం ఇయ్యాల కదలాలె అవ్వా,” అన్నాడు రాంచందర్. “గంత టైం లేదు.”

“దళం పోనీ అన్నా,” అన్నాడు గోప్యా. “జాల్యాగాడు యాడికి పోతడు? కొట్టుకు తాళమున్నది గదా.”

రాంచందర్ దళాన్ని ముందు పంపించి తను ఆగిపోయాడు. బుచ్చయ్య జాల్యాకు కట్లు విప్పించి, గటక పెట్టించమన్నాడు. దుర్గమ్మ రాజలింగం వైపు తిరిగింది.

“పట్టుడు, తెచ్చుడు నీ పని గదా బిడ్డా. పోయి సాంసన్‌ను తోలుకరా.”

శుక్రవారం తెల్లవారగానే రాజలింగం గొంగడి భుజాన వేసుకుని, గొర్రెల కాపరిలాగే పొలాలకు అడ్డంపడి పట్టాల దగ్గరికి వెళ్లాడు. ఊరికి దూరంగా, ఎండలో కాలుతున్న కంకర మీద సాంసన్ సుత్తితో పని చేస్తున్నాడు. మెడలో చిన్న సిలువ. యాభై ఏళ్లుంటాయి.

“జాల్యా పోలీసులతోని మాట్లాడింది నువ్ చూసినవా?”

“చూసిన. గని ఎవలన్నరు మాట్లాడిండని?” సాంసన్ సుత్తి దించాడు. “కొట్టిన్రు ఆన్ని.”

అతను చెప్పింది రాజలింగం నిలబడే విన్నాడు. కాన్పు కానున్న కూతురికని జాల్యా ఒక డబ్బా నెయ్యి పట్టుకుని బండి కోసం నిలబడ్డాడట. ఇద్దరు పోలీసులు వచ్చి డబ్బా లాక్కున్నారట. ఇవ్వనంటే చెంపలు వాయించి, ప్లాట్‌ఫారం మీద నలుగురి ముందూ చెవులు పట్టుకుని గుంజిళ్లు తీయించారట. లంబాడి పెద్దమనిషి, తెల్ల మీసాలవాడు, కళ్ల నీళ్లు కారుతుంటే గుంజిళ్లు తీశాడట.

“నేను కుండలోళ్లకు చెప్పింది గిదే,” అన్నాడు సాంసన్. “పోలీసులు పట్టుకున్నరన్న. ఆళ్లు ఇంకోతీరుగ విన్నరు. దూరం నుంచి అరుచుకుంటిమి, మధ్యల బండి కూత.”

రాజలింగం కంకర మీదే కూలబడ్డాడు. తండాలో అందరికన్నా ముందు సంఘంలో చేరినవాడు జాల్యా. దొర గుమ్మం ముందు చెప్పులు విప్పనని మొదట అన్నవాడు. అలాంటివాడు ఊరి ముందు నిలబడి, పోలీసులు నన్ను గుంజిళ్లు తీయించారని ఎలా చెబుతాడు? చావునైనా ఒప్పుకుంటాడు గాని, ఆ మాట చెప్పడు. నిన్న తను నోరు తెరిచి ఆ ఒక్క మాట అని ఉంటే ఈపాటికి ఆ మీసాలాయన మట్టిలో ఉండేవాడు.

ఒక చెడ్డ ఆలోచన కూడా వచ్చింది. సాంసన్ దొరకలేదని చెబితే? తన మాట, తన పరువు నిలబడతాయి. ఆ ఆలోచన ఎంతోసేపు నిలవలేదు. వచ్చినందుకే సిగ్గుపడి లేచాడు.

“మా ఊరికొచ్చి గిదే చెప్తవా అన్నా?”

“రేపు నాకు సెలవు. వస్త.”

శనివారం పొద్దున సాంసన్ అరుగు ముందు నిలబడి తాను చూసింది చూసినట్టు చెప్పాడు. గుంజిళ్ల మాట దగ్గర గొంతు తగ్గించాడు. జాల్యా రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మొదటిసారి అతని ఏడుపు అందరికీ వినబడింది. గోప్యా లేచి, అరుగు దిగి వచ్చి, తన తలగుడ్డ తీసి జాల్యా చేతిలో పెట్టి మళ్లీ వెళ్లి కూర్చున్నాడు.

“మరి పోలీసోళ్లకు గుట్ట ఎట్ల తెలిసింది?” అని అడిగాడు బుచ్చయ్య.

వెనక నుంచి బలహీనమైన గొంతు వినిపించింది. పోశాలు. మంచం మీద మోయించుకుని వచ్చాడు.

“నన్ను ఎవ్వలు అడగలే. చెప్పనీకి నాకు సిగ్గైంది.” అతను అన్న వైపు చూడలేకపోయాడు. “శనివారం బువ్వ రాలే. ఆకలికి తాళలేక ఆదివారం పొద్దుగాల నేనే పొయ్యి ముట్టించిన. పచ్చి కట్టెలు. పొగ తాటిచెట్టంత లేచింది. పక్కూరికి ధాన్యం గుంజుకపోవనీకి పోతున్న పోలీసోళ్లు బాట మీద ఆగి చూసుడు నేను కళ్లార చూసిన. ఎవ్వలు జాడ చెప్పలే అన్నా. నేనే చూపించిన.”

రాజలింగం తమ్ముడి దగ్గరికి వెళ్లి మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. తిట్టాలో పట్టుకుని ఏడవాలో తెలియలేదు. చివరికి తల మీద చెయ్యి పెట్టాడు.

ముగ్గురూ పక్కకు వెళ్లి మాట్లాడుకున్నది చాలా కొద్దిసేపు. దుర్గమ్మే చెప్పింది.

“జాల్యా ఎవ్వలికీ జాడ చెప్పలే. ఆన్ని ఇడిసిపెట్టాలె. అన్నం మోసే పని ఇంకొకరికి అప్పజెప్పకుంట పోయిండు, గది తప్పే. ఇగ ముందట చెప్పి పోవాలె. పచ్చి కట్టెలు ముట్టించినోనికి తొడకు తాకింది, గది చాలు.”

నవ్వు ఒక మూల మొదలై వాకిలంతా పాకింది. ఆడవాళ్లు జాల్యా పెళ్లాన్ని పట్టుకుని ముందుకు తోశారు. రాంచందర్ నిట్టూర్చి, “ఏరియా కమిటీకి నేను చెప్పేదానికి ఏం మిగల్చలే మీరు,” అన్నాడు. అతని మొహంలోనూ బరువు దిగినట్టు కనిపించింది.

రాజలింగం జాల్యా ఎదుటికి వెళ్లాడు. చేతులు జోడించాడు. “నీ రెక్కలు కట్టింది నేనే అన్నా. తప్పైంది.”

జాల్యా మణికట్ల మీద తాడు ఒరుసుకున్న చోట రుద్దుకున్నాడు. “నువ్ సాంసన్‌ను తెస్తవనుకోలే,” అన్నాడు మెల్లగా. “తెచ్చినవ్. గది చాలు. కోపం పోవనీకి మాత్రం నాలుగొద్దులు పడ్తది.”

“పట్టనీ,” అన్నాడు రాజలింగం.

ఆ మధ్యాహ్నమే ఊరు మళ్లీ కూర్చుని, రాజలింగం వేయించిన దండోరాను చేతులెత్తి రద్దు చేసింది. మొట్టమొదట లేచిన చెయ్యి రాజలింగానిదే.

మరునాడు పొద్దున ఇద్దరు రైతులు కాలవ నీళ్ల దగ్గర కొట్లాడుకుని, ఒకడి చొక్కా ఒకడు చింపుకుని, అరుచుకుంటూ అలవాటుగా అతని గుమ్మం ముందుకు వచ్చారు. రాజలింగం లోపలి నుంచి నాగలి ఎత్తుకుని బయటికి వచ్చాడు.

“నా దగ్గరికెందుకొచ్చిన్రు? దుర్గవ్వ ఇంటికి పోన్రి.”

“నువ్ చెప్తే అయిపాయె గదనే?”

“నేను చెప్పొద్దు. నాకు గా పని లేదు.”

ఆ మాట అంటున్నప్పుడు తన గొంతులో సంతోషం తనకే వినిపించింది. వాళ్లిద్దరూ గొణుక్కుంటూ అటు వెళ్లారు. అతను ఎడ్లను తోలుకుని, వంతుకు వచ్చిన మడికి వెళ్లాడు. రెండు నెలలుగా అందరి భూములూ పంచుతూ తిరిగాడు గాని, తన మడిలో ఒక్క చాలు దున్నింది లేదు. వేసవి వాన ఒకటి పడి నేల మెత్తగా ఉంది. నాగలి దిగేసరికి పచ్చి మట్టి వాసన వచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా దున్ని, గట్టు మీది వేపచెట్టు కింద తువ్వాలు పరచుకుని పడుకున్నాడు. భార్య అన్నం తెచ్చి రెండుసార్లు పిలిచింది. అతను గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ఎన్నాళ్లకు పట్టిందో అలాంటి నిద్ర. ఆమె ఇక లేపకుండా, గంప పక్కన పెట్టి, కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది.